కొంకణి నుంచి తెలుగులోకి వచ్చిన పుస్తకాన్ని ఎక్కడ వెతకాలి?

చిక్కడపల్లి చదువరి
శనివారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. మేము తొమ్మిది మందిమి నెలకొకసారి చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం దగ్గర కలుసుకుని ఒక పుస్తకం గురించి మాట్లాడుకుంటాం. ఈ ఉగాదికి ఒక నియమం పెట్టుకున్నాం. నెలకొక భారతీయ భాషను ఎంచుకుని, అందులోని కథో నవలో కవిత్వమో తెలుగు అనువాదంలో చదవాలి. సాహిత్య అకాడెమీ గుర్తించిన భాషలు 24. తెలుగును పక్కన పెడితే 23. అంటే దాదాపు రెండేళ్ల చదువు.

బెంగాలీ, హిందీ, కన్నడ, మరాఠీలకు ఇబ్బంది రాలేదు. శరత్‌చంద్రుణ్ణి తెలుగు రచయితే అనుకుని పెరిగిన తరం మా అమ్మది. ఐదో నెల కొంకణి దగ్గర ఆగిపోయాం. కోఠీలో పాత పుస్తకాల దుకాణాలు తిరిగాం, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మొత్తం గాలించాం. లేదని చెప్పినవారు లేరు, ఉందని చూపినవారూ లేరు. తర్వాత డోగ్రీ, సంతాలీ, మైథిలి, బోడో రావాలి. వాటి సంగతి తలచుకుంటేనే గుండె జారుతోంది.

మన దేశంలో ఏ భాషలో ఏ పుస్తకం వచ్చిందో, అది తెలుగులోకి వచ్చిందో లేదో ఒక్కచోట చూపించే పట్టిక ఉందా?

పాత చీటీ
శనివారం, రాత్రి 10:25

అమ్మా, నేను ముప్పై ఏళ్లు గ్రంథాలయంలో సూచీకరణ, అంటే ఒక్కో పుస్తకం వివరాలు చీటీ మీద రాసిపెట్టే పని, చేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. మీ ప్రశ్న చూసి నిద్ర పట్టలేదు, అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

పట్టిక ఉంది. మీకు కావలసిన చోట తెగిపోయింది. 1954లో పార్లమెంటు పుస్తకాల అప్పగింత చట్టం చేసింది. ఏ ప్రచురణకర్త అయినా పుస్తకం వెలువడిన 30 రోజుల్లోగా కలకత్తా జాతీయ గ్రంథాలయానికి ఒక ప్రతి తన ఖర్చుతో పంపాలి. మద్రాసు కన్నెమరా, ముంబయి, ఢిల్లీ గ్రంథాలయాలకు కూడా ఒక్కో ప్రతి. అలా వచ్చిన పుస్తకాలతోనే బి.ఎస్. కేశవన్ గారి ఆధ్వర్యంలో భారత జాతీయ గ్రంథసూచి మొదలైంది. 14 భాషల పుస్తకాలు ఒకే వరుసలో కనబడాలని అన్నిటినీ రోమన్ లిపిలోకి మార్చారు. తెలుగు పుస్తకం పక్కనే అస్సామీ పుస్తకం, దాని పక్కన ఉర్దూ పుస్తకం. కొత్త సంపుటం బల్ల మీదికి వచ్చిన రోజున మేము పండుగలా చూసేవాళ్లం.

ఇప్పుడు తెగిన చోటు చెబుతాను. ఆ 14 భాషల్లో కొంకణి లేదు. డోగ్రీ, బోడో, సంతాలీ, మైథిలి కూడా లేవు. ఇక చట్టం ఉన్నా పుస్తకాలు పంపనివారే ఎక్కువ. పంపకపోతే జరిమానా 50 రూపాయల దాకా, దాని మీద ఆ పుస్తకం ధర. సొంత డబ్బుతో 300 ప్రతులు వేసుకున్న కవికి కలకత్తా గుర్తుంటుందా?

1901 నుంచి 1953 వరకు వచ్చిన సాహిత్యానికి అకాడెమీ వారు నాలుగు సంపుటాల గ్రంథసూచి తెచ్చారు. మొదటిది 1962లో, చివరిది 1974లో. మన తెలుగు ఆ నాలుగో సంపుటంలో సింధీ, తమిళం, ఉర్దూల సరసన ఉంది. అది దొరికితే వదలకండి.

అక్షర వరుస
ఆదివారం, ఉదయం 7:40

చదువరి గారూ, నేను గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ పని చేస్తాను. పాత చీటీ గారు చెప్పినదానికి సాంకేతికంగా ఒక మాట కలుపుతాను. గ్రంథాలయాల కంప్యూటర్లలో పుస్తకాల వివరాలు మార్క్ 21 అనే పద్ధతిలో ఉంటాయి. అందులో 041 అనే గడి ఒకటి. పుస్తకం ఏ భాషలో ఉందో, అనువాదమైతే మూలం ఏ భాషో, మూడక్షరాల సంకేతంతో అందులో రాస్తారు. తెలుగుకు ఒక సంకేతం, కొంకణికి ఒకటి, సంతాలీకి ఒకటి ఉన్నాయి. ఆ గడి నిండి ఉంటే మీ ప్రశ్నకు జవాబు ఒక్క క్షణంలో వస్తుంది.

అది నిండి ఉండదు. నేను ఒక పెద్ద గ్రంథాలయ జాబితాలో తెలుగు పుస్తకాలు 200 తీసి చూశాను. అనువాదాలని పేరులోనే తెలుస్తున్నవాటికి కూడా సగానికి పైగా మూలభాష రాయలేదు. కొన్నిటికి అనువాదకుడి పేరు కూడా లేదు.

కథల సంచి
ఆదివారం, ఉదయం 9:05

అనువాదకుడి పేరు లేకపోవడం చదివి బాధేసింది. కొంకణి రచయితను నాకు పరిచయం చేసే మనిషి అతనే కదా.

ఒక సంతోషకరమైన సంగతి చెబుతాను. తెలుగు కథకు సంబంధించినంతవరకు ఈ పని మన భాషలో జరిగింది. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో శ్రీకాకుళంలో కథానిలయం స్థాపించారు. రచయిత తన పుస్తకంలో చేర్చిన కథలతో ఆయన సరిపెట్టుకోలేదు. పత్రికల్లో వచ్చి అక్కడే ఉండిపోయిన కథలను వెతికించారు. ఏ కథ, ఎవరిది, ఏ పత్రికలో, ఏ నెలలో వచ్చింది అన్నది ఇప్పుడు వెబ్‌సైట్‌లో వెతుక్కోవచ్చు. చాలా కథల పుటలు కూడా చూడవచ్చు. నేను రాత్రిళ్లు ఏదో ఒక సంవత్సరం ఎంచుకుని ఆ ఏడాది కథల పేర్లు వరుసగా చదువుతూ పోతాను. పేరు విననివారు ఎంతమంది!

పత్రికలు వెతకడం వల్ల చరిత్రే మారుతుంది. తొలి తెలుగు కథ అనగానే మా తరానికి గురజాడ ‘దిద్దుబాటు’ అని నేర్పారు. అది 1910. భండారు అచ్చమాంబ ‘ధనత్రయోదశి’ 1902లోనే ‘హిందూసుందరి’ పత్రికలో అచ్చయింది. ఏది తొలి కథ అన్న వాదన ఇంకా నడుస్తూనే ఉంది, నడవనివ్వండి. పాత సంచికలు తిరగేసి ఆ పేరు, ఆ నెల రాసి పెట్టినవారు లేకపోతే అసలు ఆ వాదనే పుట్టేది కాదు.

వరంగల్ వాకిలి
ఆదివారం, ఉదయం 11:30

నేను కొంచెం విభేదిస్తాను, పెద్దలు మన్నించాలి.

జాబితా చదివి ఎవరైనా కంటతడి పెట్టారా? పుస్తకం చదివితే పెడతారు. దేశ సాహిత్యాన్ని పండుగ చేసుకోవడమంటే నాలుగు పద్యాలు గొంతెత్తి చదువుకోవడం. సూచి తయారు చేసేవాళ్ల చేతిలో ఎవరు ఉండాలో ఎవరు పోవాలో నిర్ణయం ఉంటుంది. పోయినవాళ్లు ఎప్పుడూ మావాళ్లే. మా తాత శతకం రాశాడు. సికింద్రాబాద్‌లో అచ్చు వేయించాడు. మా ఊళ్లో పొలం పనులకు వెళ్లే ఆడవాళ్లకు కూడా అందులో పద్యాలు నోటికి వచ్చేవి. ఏ సూచిలోనూ ఆయన లేడు. నేను ఎం.ఎ. చదివేటప్పుడు మద్రాసు జాబితాలన్నీ వెతికాను. ఆయన రాసింది సాహిత్యం కాదా?

పాత చీటీ
ఆదివారం, మధ్యాహ్నం 1:15

బాబూ, నీ కోపం న్యాయమైనదే. మీ తాతగారు మద్రాసు జాబితాలో ఎందుకు లేరో చెబుతాను.

1867లో బ్రిటిష్ వాళ్లు పుస్తకాల నమోదు చట్టం తెచ్చారు. దాని ప్రకారం ప్రతి రాష్ట్రంలో అచ్చయిన పుస్తకాల జాబితా మూడు నెలలకొకసారి ప్రకటించాల్సి ఉండేది. మద్రాసు రాజధానిలో అచ్చయిన తెలుగు పుస్తకాలకు ఆ జాబితాలే ఇవాళ మనకు పెద్ద ఆధారం. రాజమండ్రిలోనో బెజవాడలోనో ఎనిమిది పుటల భజన కీర్తనల పుస్తకం వేసినా అందులోకి ఎక్కింది. ఆ చట్టం బ్రిటిష్ ఇండియాకు. నిజాం రాజ్యం దాని పరిధిలో లేదు. హైదరాబాదులో, వరంగల్‌లో అచ్చయిన తెలుగు పుస్తకం మద్రాసు గుమస్తా బల్ల మీదికి వచ్చే దారే లేదు. ఆ జాబితాలు మాత్రమే ముందు పెట్టుకుని తెలుగు సాహిత్యం లెక్క కట్టేవారికి తెలంగాణ ఖాళీగా కనబడింది.

ఆ ఖాళీకి జవాబు కూడా హైదరాబాదు నుంచే వచ్చింది. నిజాం రాజ్యంలో తెలుగు కవులు లేరన్న మాట ఒకటి అచ్చులో వస్తే, సురవరం ప్రతాపరెడ్డి గారు వాదానికి దిగలేదు. ఊరూరా కవుల నుంచి పద్యాలు తెప్పించి 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ ప్రచురించారు. అందులో 354 మంది కవులు. నీవు అడిగావు, జాబితా చూసి ఎవరైనా కంటతడి పెట్టారా అని. ఆ సంచికలో మా అమ్మమ్మ గారి ఊరి కవి పేరు కనబడిన రోజున నేను పెట్టాను.

వరంగల్ వాకిలి
ఆదివారం, మధ్యాహ్నం 1:50

మాస్టారూ, ఆ సంచిక మా ఇంట్లోనూ ఉంది. అయితే దాన్ని గ్రంథసూచి అని ఎలా అంటాం? అది కవితా సంకలనం.

పాత చీటీ
ఆదివారం, మధ్యాహ్నం 2:05

నిజమే, సంకలనమే. నేను దాన్ని సూచిలా వాడుకున్నాను. మా చిన్న గ్రంథాలయంలో ఆ కవుల పేర్లన్నీ చీటీల మీద రాసి, వాళ్ల పుస్తకాలు ఏవైనా దొరుకుతాయేమో అని పదేళ్లు వెతికాను. మీ తాతగారి శతకం ప్రతి మీ దగ్గర ఉందా?

అక్షర వరుస
ఆదివారం, సాయంత్రం 4:20

మీరు ‘గోలకొండ’ అని రాసిన చోట నేను ‘గోల్కొండ’ అని కొట్టి వెతికాను, సంచిక దొరకలేదు. అక్షరం మార్చి కొట్టగానే వచ్చింది. తెలుగు పట్టికలకు ఇది పెద్ద ముల్లు. అరసున్నలు, బండి ఱ, సున్నాకు బదులు అనునాసికాలు ఉన్న పాత పేర్లను ఇప్పటి రాతలో వెతికితే దొరకవు. భారత డిజిటల్ గ్రంథాలయం పేరుతో స్కాన్ చేసిన వేల తెలుగు పుస్తకాలు ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్నాయి. వాటి పేర్లను రోమన్ అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వాళ్లు ఎక్కించారు. పుస్తకం అక్కడే ఉన్నా పేరు గుర్తుపట్టలేం.

రచయితల పేర్లు మరో చిక్కు. ఆరుద్ర అని వెతకాలా, భాగవతుల సదాశివ శంకరశాస్త్రి అని వెతకాలా? బీనాదేవి అన్నది భార్యాభర్తలిద్దరూ కలిసి పెట్టుకున్న పేరు. యంత్రానికి ఒక మనిషి కావాలి, ఇక్కడ ఇద్దరున్నారు. పెళ్లయ్యాక ఇంటిపేరు మారిన రచయిత్రులు రెండు చోట్ల ఇద్దరు మనుషుల్లా ఉండిపోతారు. మంచి పట్టికలో ఒక్క మనిషికి ఒక్క గుర్తు, దాని కింద ఆమె వాడిన పేర్లన్నీ ఉండాలి.

దక్కనీ దారి
ఆదివారం, సాయంత్రం 5:45

మాది శాలిబండ. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు. భాష గడి గురించి విన్నాక నా సందేహం చెప్పాలనిపించింది. ఈ నగరాన్ని కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్ షా దక్కనీలో కవిత్వం రాశాడు. ఆయన కవితలను మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ సాహెబ్ పరిష్కరించి 1940లో అచ్చు వేయించారు. పంజాగుట్టలోని ఇదారె అదబియాతె ఉర్దూ 1931లో ఆయన స్థాపించినదే. గ్రంథాలయాలు వాడే ఆ మూడక్షరాల పట్టికలో దక్కనీకి విడి సంకేతం లేదు. అంతా ఉర్దూ కిందికే వెళుతుంది. దక్కనీ కవిత్వం మాత్రమే చూడాలనుకునేవాడు ఏం చేయాలి?

ఇంకొకటి. పొన్నికంటి తెలగన ‘యయాతి చరిత్ర’ను అచ్చ తెలుగులో రాసి పటాన్‌చెరు అమీన్‌ఖాన్‌కు అంకితమిచ్చాడు. అద్దంకి గంగాధర కవి కావ్యానికి కృతిభర్త, అంటే అంకితం పుచ్చుకున్నవాడు, ఇబ్రహీం కుతుబ్ షా, మన కవులు మల్కిభరాముడని పిలుచుకున్న సుల్తాను. ఈ ఊరి కథ అంతా ఆ అంకితాల్లో ఉంది. పట్టికలో కృతిభర్తకు చోటుందా?

పాత చీటీ
ఆదివారం, సాయంత్రం 6:30

సాబ్, ఎంత మంచి ప్రశ్న వేశారు! చోటుంది. పుస్తకంతో సంబంధమున్న మనుషుల పాత్రలను చూపే సంకేతాల్లో అంకితం పుచ్చుకున్నవారికి కూడా ఒకటి ఉంది. నా ఉద్యోగ జీవితంలో దాన్ని ఒక్కసారి కూడా వాడలేదు. మన కావ్యాలకు కవి ఎంత ముఖ్యమో కృతిభర్త అంత ముఖ్యం, అయినా నాకు తట్టలేదు. ఇప్పుడు అవకాశముంటే ఆ చీటీలన్నీ మళ్లీ రాయాలనిపిస్తోంది.

బ్రిస్బేన్ తెలుగు
సోమవారం, ఉదయం 5:50

మలక్‌పేటలో పుట్టి ఇక్కడికి వచ్చినవాణ్ణి. ఆస్ట్రేలియాలో ఆస్ట్‌లిట్ అనే సాహిత్య పట్టిక ఉంది. మా ఊళ్లోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం నడుపుతుంది. అందులో పుస్తకాలే కాదు, పత్రికలో వచ్చిన ఒక్క కవితకు కూడా విడి నమోదు ఉంటుంది. ఆ కవిత మళ్లీ ఎక్కడ అచ్చయింది, దాని మీద ఎవరు సమీక్ష రాశారు, సినిమాగా వచ్చిందా అన్నవి ముడిపడి కనబడతాయి. రచయిత ఎక్కడ పుట్టాడు, ఏ సంస్కృతి నుంచి వచ్చాడు అన్నదాన్ని బట్టి కూడా వెతకవచ్చు. అక్కడి ఆదివాసుల, టోరెస్ జలసంధి ద్వీపవాసుల రచనల కోసం 2007లో బ్లాక్‌వర్డ్స్ అని ప్రత్యేక భాగం మొదలుపెట్టారు.

ఒక సాయంత్రం దాంట్లో తిరుగుతూ కూర్చున్నాను. ఒక దేశాన్ని ఊరూరా చూసినట్టుంది. మన దేశానికి, పోనీ మన హైదరాబాదుకు, ఇలాంటిది ఉంటే అఫ్జల్‌గంజ్ అని కొడితే అఫ్జల్‌గంజ్ మీద తెలుగులో, ఉర్దూలో, మరాఠీలో, కన్నడంలో వచ్చినవన్నీ ఒకే వరుసలో వస్తాయి కదా అని ఆ రాత్రంతా అదే ధ్యాస.

ఉట్నూరు బడి
సోమవారం, రాత్రి 8:15

నేను గోండు పిల్లలకు పాఠాలు చెప్పే ఉపాధ్యాయుణ్ణి. పై సందేశం చదివి ఆగలేకపోయాను.

మా ఆదిలాబాద్ జిల్లా గుంజాల గ్రామంలో గోండి లిపిలో రాసిన ప్రతులు బయటపడ్డాయి. కంప్యూటర్లలో అన్ని లిపులకూ ఆధారమైన యూనికోడ్‌లో ఆ లిపి 2018లో చేరింది. అంతవరకు ఏ కంప్యూటర్ పట్టికలోనూ ఆ ప్రతి పేరును దాని సొంత అక్షరాల్లో రాయడం కుదిరేది కాదు. ఇప్పుడు కుదురుతుంది. మా బడిలో పిల్లలు తమ పేర్లు ఆ లిపిలో రాసుకున్న రోజు నాకు బాగా గుర్తుంది.

గోండి సాహిత్యంలో ఎక్కువ భాగం అచ్చులో లేదు. ప్రధాన్ తెగ గాయకులు కిక్రీ అనే తీగ వాద్యం వాయిస్తూ పాడే కథల్లో ఉంది. ఒక్కో కథ ఒక్కో రాత్రి. దానికి ప్రచురణకర్త లేడు, ధర లేదు, పుటల సంఖ్య లేదు. మీ చీటీలో ఆ గడులన్నీ ఖాళీగా ఉంటాయి. పాడినవారి పేరు, ఏ ఊళ్లో, ఏ పండుగకు పాడారు అన్నవి మాత్రం నేను చెప్పగలను. ఆ వివరాలతో చీటీ రాస్తారా?

పాత చీటీ
సోమవారం, రాత్రి 8:40

రాస్తాం గురువుగారూ. మీరు చెప్పిన ఆ మూడు వివరాలే చీటీ.

చిక్కడపల్లి చదువరి
మంగళవారం, రాత్రి 9:30

ఈ మూడు రోజుల్లో వచ్చిన జవాబులన్నీ కాగితం మీద తీసి మా బృందానికి చదివి వినిపించాను. అందరం ఒక మాట అనుకున్నాం. దేశం మొత్తానికి పట్టిక తయారు చేయడం మా తొమ్మిది మంది వల్ల కాదు. ఇతర భారతీయ భాషల నుంచి తెలుగులోకి వచ్చిన పుస్తకాల పట్టిక మాత్రం మొదలుపెట్టగలం. చేతిలో పట్టుకుని చూసిన పుస్తకాన్నే ఎక్కిస్తాం. మూలభాష, అనువాదకులు, నేరుగా ఆ భాష నుంచి చేశారా, హిందీ లేదా ఇంగ్లీషు మీదుగా చేశారా అన్నది తప్పకుండా రాస్తాం. నేషనల్ బుక్ ట్రస్ట్ వారి ఆదాన్ ప్రదాన్ అనే అనువాదాల వరుస పుస్తకాలతో మొదలుపెట్టాం. మా ఇళ్లలోనే 61 తేలాయి. కొంకణి ఇంకా దొరకలేదు.

కథల సంచి
మంగళవారం, రాత్రి 10:05

నా దగ్గర అనువాద కథలున్న పాత పత్రికలు రెండు పెట్టెలున్నాయి. ఆదివారం తెస్తాను. ఒక విచిత్రం కూడా చెప్పాలి. తెలుగులో చిన్న కవుల పుస్తకాలు మన దగ్గర దొరకకపోతే అమెరికా గ్రంథాలయాల జాబితా చూడండి. పి.ఎల్. 480 చట్టం కింద మనకు గోధుమలు అమ్మగా వచ్చిన రూపాయలతో 1962 నుంచి వాళ్లు ఇక్కడి భాషల పుస్తకాలు కొని పట్టుకెళ్లారు. మా మేనమామ కవితల పుస్తకం మాకు అలాగే కనబడింది. ఇంట్లో ఒక్క ప్రతీ మిగల్లేదు. షికాగోలో ఉంది.

వరంగల్ వాకిలి
బుధవారం, ఉదయం 6:20

మాస్టారూ, తాత శతకం దొరికింది. అత్తమ్మ ఇంట్లో దేవుడి గూట్లో ఉంది. అట్ట లేదు. మొదటి రెండు పుటలు పోయాయి, కాబట్టి పుస్తకం పేరు, అచ్చుకూటం, సంవత్సరం ఏవీ లేవు. చివరి పద్యంలో తన పేరు, తండ్రి పేరు, ఊరు చెప్పుకున్నాడు. ఇలాంటిది చీటీకి ఎక్కుతుందా?

పాత చీటీ
బుధవారం, ఉదయం 6:45

ఎక్కుతుంది నాన్నా. ముఖపత్రం పోయినా శతకానికి మకుటమే పేరు. దాన్ని చదరపు బ్రాకెట్లలో రాస్తాం, అంటే ఆ పేరు పుస్తకం మీద లేదు, లోపలి నుంచి తీసుకున్నాం అని అర్థం. కర్త పేరు చివరి పద్యం ఆధారంగా. అచ్చయిన చోటు సికింద్రాబాద్, ఇంటివారి మాట ప్రకారం అని వివరంలో రాస్తాం. సంవత్సరం దగ్గర ప్రశ్నార్థకం పెడతాం. పుటలు మూడు నుంచి ఎక్కడి దాకా ఉన్నాయో లెక్కపెట్టి చెప్పు. పద్యాలు ఎన్ని మిగిలాయో కూడా.

వరంగల్ వాకిలి
బుధవారం, ఉదయం 7:30

3 నుంచి 28 దాకా. పద్యాలు 97. మిగతావి అత్తమ్మకు నోటికి వచ్చు, రాసుకుంటున్నాను.